ఏరి కడిగిన ఎముకలు

తొంభైల చివర్లో కొత్తగూడలో ఐటీ భవనానికి పునాది తవ్వుతుంటే ఒక పాతకుండ బయటపడింది. నేనక్కడ మేస్త్రీని. ఆ కుండకు నాగుపాము కాపలా ఉందని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను. నిజానికి వానపాము కూడా లేదు. లంకెబిందె అనుకుని చెయ్యి పెట్టి, దొరికిన రాగి కడియాన్ని జేబులో వేసుకున్నాను. మిగిలినవన్నీ కాలిన ఎముకలే.

కూలికొచ్చిన మల్లమ్మ తొంగి చూసింది. "జర బూడిదన్న లేదు సూడు మేస్త్రీ. ఒక్కొక్క బొక్క ఏరి, కడిగి పెట్టిన్రు. మా ఆయనకు నేను గిట్లనే చేసిన."

తర్వాత నా జేబు వైపు చూసింది. "అది గూడ ఆళ్ల మనిషికి ఇచ్చిందే గదా."

కడియాన్ని మళ్లీ కుండలో పెట్టేశాను.

ఆ కుండ వేల ఏళ్ల కిందటిదని, లోహం కొత్తగా చేతికొచ్చిన ఆ కాలంలో అలాంటి కడియం ఎంతో అపురూపమని, అయినా పోయినవాళ్లకే ఇచ్చేశారని పురావస్తు అధికారులు వచ్చి చెప్పారు. భద్రంగా కాపాడానని నన్ను మెచ్చుకుంటుంటే, మల్లమ్మ తట్ట నెత్తికెత్తుకుంటూ నవ్విందే గానీ ఒక్క మాట బయటపెట్టలేదు.