నీలి అంచు గాజు కూజా

మెక్సికోలో నోటితో ఊది చేసిన పాత గాజు సామానంటే నాకు పిచ్చి. ఆ పిచ్చి అంటించింది రజితక్క. హనుమకొండలో మా ఎదురింట్లోనే ఉంటుంది. ఆమె అల్మరా నిండా నీలి అంచు గ్లాసులే. నా దగ్గర మూడున్నాయి. ఆ అల్మరా చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది. హైదరాబాద్‌లో గురువారాలు జరిగే పాత సామాన్ల సంత జుమేరాత్ బజార్‌కు పోదామని అక్క అనగానే, ఆమెకంటే ముందు నేనే తయారయ్యాను.

గురువారం పొద్దున్నే కాజీపేటలో రైలెక్కాం. జనరల్ టికెట్టే, ఆ వేళకు కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. సికింద్రాబాద్‌లో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆటోలో పదింటికల్లా బజారు చేరాం. వెళ్లాలనుకునేవాళ్లు అంతకంటే ఆలస్యం చేయకండి, ఎండ ముదిరేసరికి మంచివన్నీ అమ్ముడుపోతాయి.

నేల మీద పరిచిన పట్టాల నిండా పాత ఫ్యాన్లు, తాళాలు, గోడ గడియారాలు. నేను కుడివైపు, అక్క ఎడమవైపు వెతకాలనుకున్నాం. వైపులు ఎంచింది నేనే. అరగంటైనా కాలేదు, అక్క కేకేసింది.

"లతా, ఇటు రా! జల్ది!"

కూజా. మందపాటి గాజులో చిక్కుకుపోయిన గాలిబుడగలు, మూతి చుట్టూ ముదురు నీలం. అడుగున ఇనుప కడ్డీ నుంచి విడదీసినప్పటి గరుకు మచ్చ. చేత్తో చేసిందనడానికి అదే గుర్తు. నేను ఇన్నాళ్లూ వెతుకుతున్నది సరిగ్గా ఇదే.

"ఇంకోటి ఉన్నదా చాచా?" అని దుకాణం పెద్దాయనను అడిగాను.

"ఎవరో ఇల్లు ఖాళీ చేస్తే వచ్చింది బేటీ. ఒక్కటే."

అక్క బేరం కూడా ఆడకుండా కొనేసింది. నేను మిగిలిన వరుసలన్నీ తిరిగాను. ఒక్క గ్లాసూ దొరకలేదు. మధ్యాహ్నం అక్కే బిర్యానీ తినిపించింది. దాని రుచి ఎలా ఉందో చెప్పలేను. నా కళ్లు పక్క కుర్చీలో ఉన్న కూజా మీదే ఉన్నాయి.

సాయంత్రం రైల్లో అక్క కూజాను నా ఒళ్లో పెట్టింది. "నిద్రొస్తాంది చెల్లె, జర పైలంగ పట్టుకో" అని కిటికీకి తల ఆనించింది.

ఎదురుగా కూర్చున్న ముసలమ్మ అడిగింది. "గంత మంచిగున్నది, ఎవలిది బిడ్డా?"

"నాదే" అనేశాను.

జనగామలో జనం తోసుకుంటూ ఎక్కారు. ఎవరి భుజం మీదిదో ఇనుప పెట్టె నేరుగా కూజా మీదికి వచ్చింది. వంగి మోచేయి అడ్డం పెట్టాను. పెట్టె అంచు తగిలి తోలు లేచింది.

"చెయ్యి చూస్కోవా బిడ్డా? గాజుదేమున్నది!" అంది ముసలమ్మ.

కాజీపేటలో అక్క లేచింది. "నా కూజా మంచిగున్నదా?"

"మంచిగున్నదక్కా" అని చేతికిచ్చాను. ముసలమ్మ నా ముఖంలోకే చూస్తోంది. నేను తలెత్తకుండా దిగాను.

హనుమకొండ ఆటోలో అక్క ఒళ్లో కూజా, నా ఒళ్లో ఖాళీ సంచీ. అసూయ పిసరంతైనా తగ్గలేదు. కానీ ఆ రైల్లో అది పగిలి ఉంటే, అక్కకంటే ముందు ఏడ్చేది నేనే.