వసారాలో పెట్టిన కంప్యూటర్

నా బిడ్డ మదనపల్లెలో డిగ్రీలో చేరేనాటికి కంప్యూటర్‌ను కంటితో చూసిందే గానీ చేత్తో ముట్టుకున్నది లేదు. మాది సోమల దగ్గర చిన్న పల్లె. మా ఆయనకు కాస్త మెరక చేను, ఒక బోరు, రెండావులు. నేను ఊర్లోనే అంగనవాడీ టీచర్ని. పుంగనూరులో ఇంటరు చదివేటప్పుడు మా పిల్ల బస్సు కోసం నిలబడే చోట ఒక కంప్యూటర్ సెంటరు ఉండేది. బస్సు వచ్చేదాకా అద్దంలోంచి దాన్నే చూసేదంట. "అమ్మా, దాంట్లో చేపలు ఈదతాండాయి" అని ఒకరోజు ఇంటికొచ్చి చెప్పింది. ఆ చేపల కోసమో ఏమో, డిగ్రీలో కంప్యూటర్ గ్రూపే కావాలని పట్టుబట్టింది. తొంభైల చివరి మాట ఇది.

చేరిన కొన్నాళ్ళకు హాస్టల్ నుంచి వచ్చినప్పుడు ముఖంలో కళ లేదు. అన్నం దగ్గర కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పింది. కాలేజీ ల్యాబులో ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురు కూర్చోవాలి. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలు చటుక్కున మౌసు పట్టుకుంటారు. లేనివాళ్ళు పక్కన కూర్చుని చూస్తారు.

"అడిగితే ఈరా?" అన్నాను.

"ఇస్తారు మా. వాళ్ళు మంచోళ్ళే. నేను యాడ నొక్కాలో వెతుక్కునే లోపల గంట అయిపోతాది. నాకే సిగ్గై మళ్ళీ ఇచ్చేస్తాను."

కంప్యూటర్ కొనే ఇల్లు కాదు మాది. అయితే ఆ పిల్ల నా దగ్గర ఏడవడానికి రాలేదు, అనుమతి అడగడానికి వచ్చింది. పక్కన కూర్చునే అమ్మాయి మదనపల్లె టౌనులోనే ఉంటుందంట, ఆదివారాలు తమ ఇంటికి వచ్చి నేర్చుకోమనిందంట.

ముక్కూమొహం తెలియని ఇల్లు. మొదటి ఆదివారం నేనూ వెంట పోయాను. వాళ్ళ నాయనకు బట్టలంగడి ఉంది. కంప్యూటర్ కోసం ఒక గది, ఆ గదికి ఒక ఫ్యాను, పెట్టె మీద అల్లిన గుడ్డ, గుడ్డ తీస్తే ఆయుధపూజ నాటి కుంకుమబొట్టు. ఆ ఇంటామె నాకు కాఫీ ఇచ్చి, "మా పిల్ల ఒక్కతే కూచుంటే పేకముక్కల ఆట ఆడతాదమ్మా. ఇద్దరుంటే చదువుకుంటారు. నువ్వేం బెంగ పెట్టుకోవద్దు" అంది.

మా పిల్ల మౌసు పట్టుకుంది. తెర మీది బాణం గుర్తును మూలకు తీసుకుపోవాలని లాగుతూ లాగుతూ బల్ల అంచుదాకా పోయింది, మౌసు కింద పడింది. స్నేహితురాలు నవ్వింది. నా మనసు చివుక్కుమంది గానీ నా బిడ్డ ఆమెకంటే గట్టిగా నవ్వి, దాన్ని పైకి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ల్యాబులో లేని ఆ నవ్వు చూసినాక, తర్వాతి ఆదివారం నుంచి నేను పోలేదు.

అలా ఏడాది పైన గడిచింది. ఒక శనివారం ఇంటికి వచ్చి, పుస్తకాల సంచి కూడా దించకుండా చెప్పింది. పోయిన ఆదివారం తాను టైపు చేస్తుండగానే కంప్యూటర్ ఆగిపోయిందంట. కాలిన వాసన వచ్చిందంట. ఆ ఇంటామె ఒక్క మాటా అనలేదు. ఇంటాయన మాత్రం, "ఏం నొక్కినావమ్మా?" అని అడిగినాడంట.

"ఇంకేమన్నా అనినాడా?"

"ఏం అనలేదు మా. ఆ ఒక్క మాటే."

ఆ ఒక్క మాట ఎంత బరువో నాకు తెలుసు. "కొన్నాళ్ళు ఆ పక్కకు పోబాకమ్మా. వాళ్ళే పిలుస్తారులే" అన్నాను.

"పోకుంటే నేనే సెడగొట్టినట్టు అవుతాది. రేపు మెకానిక్ వస్తాండాడంట. ఆయప్ప దాన్ని ఇప్పేటప్పుడు నేను ఆడ ఉండాల."

"నిజంగా నీ వల్లే పోయింటే?"

"అదీ తెలుసుకోవాల గదా మా."

పొద్దున్నే మొదటి బస్సుకు పోయింది. ఆ వయసులో నేనైతే పోయుండను. ఇప్పటికైనా పోగలనో లేదో.

అక్కడ జరిగింది తర్వాత ఆ ఇంటామే నాకు చెప్పింది. మెకానిక్ మరలు విప్పి రేకు పక్కకు తీస్తే, కరెంటు వైర్ల నడుమ ఒక బల్లి మాడిపోయి కరుచుకుని ఉంది. అందరూ ఒక్కసారి నవ్వేశారు. మా పిల్ల నవ్వలేదంట. వంగి లోపలికి చూస్తూ, "అన్నా, ఈ ఒక్కటి మారిస్తే సాలునా? తక్కినవి బాగుండాయని ఎట్ల తెలుస్తాది?" అని అడిగిందంట. ఆయన ఒక్కొక్కటీ చూపిస్తూ చెబుతుంటే, పని అయ్యేదాకా టార్చి పట్టుకుని నిలబడింది. ఇంటాయన అందరి ముందరా, "ఆ పొద్దు నిన్ను అట్ల అడిగిండకూడదు తల్లీ. మనసులో పెట్టుకోవద్దు" అన్నాడంట. ఒక ఆడపిల్లకు, అదీ ఊరిపిల్లకు, పెద్దమనిషి అలా చెప్పడం నాకు చాలా గొప్పగా అనిపించింది. ఆ తర్వాత వాళ్ళింట్లో కంప్యూటర్ మొరాయిస్తే మెకానిక్ కంటే ముందు మా పిల్లకే కబురొచ్చేది.

డిగ్రీ అయ్యాక కుప్పం దగ్గర ఒక హైస్కూల్లో కంప్యూటర్ నేర్పే ఉద్యోగం దొరికింది. కాంట్రాక్టు ఉద్యోగమే. పలమనేరులో బస్సు మారి చూడటానికి పోయాను. గది నిండా పిల్లలు, గోడవారగా కొన్ని కంప్యూటర్లు. సగం మంది ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలు, కొందరు కన్నడం. నా బిడ్డ మూడు భాషల్లోనూ తప్పులు మాట్లాడుతూ పాఠం చెబుతోంది. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, వచ్చిన పిల్లతో "నీది నోరు", రాని పిల్లతో "నీది చెయ్యి" అంది. తెలిసిన పిల్ల చేతులు కట్టుకుని చెప్పాలి, తెలియని పిల్ల మౌసు పట్టుకుని చెయ్యాలి. చెయ్యి ముందుకు చాచిన ఒకణ్ణి చూసి, "నీ చెయ్యి యాడుండాల?" అనగానే క్లాసంతా నవ్వింది. నేను వెనక బెంచీలో కూర్చుని, ఈ బిడ్డను నేనే కన్నానా అనుకున్నాను.

ఆ బట్టలంగడి వాళ్ళు కొన్నేళ్ళకు కొత్త కంప్యూటర్ తెచ్చుకుని, పాతదాన్ని మా పిల్లకు ఇచ్చారు. అది మా ఊరికి వచ్చింది టమోటా వ్యానులో. మార్కెట్‌లో సరుకు దించి తిరిగొచ్చే ఖాళీ పెట్టెల నడుమ, బొంతలో చుట్టుకుని వచ్చింది. మా ఆయన దూడను ఎత్తుకున్నట్టు దాన్ని రెండు చేతులా ఎత్తుకుని దించాడు.

"దీనికి మేతేమి?" అన్నాడు.

"కరెంటు నాయనా."

"సరిపోయింది. మనూర్లో అదొక్కటే గదా లేంది."

మా అత్త నడింట్లో, దేవుడి పటాల పక్కన పెట్టమంది. మా పిల్ల మాత్రం బల్లను వసారాలోకి లాగింది. దుమ్ము పడుతుందన్నాను, కోళ్ళు ఎక్కుతాయన్నాను. వినలేదు. అత్త లోపలికి పోయాక, "లోపల పెడితే ఎవరొస్తారు మా?" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. కూలికి పోయేవాళ్ళ పిల్లలు నా అంగనవాడీలో మా వాళ్ళ పిల్లల పక్కనే కూర్చుంటారు, ఒకే గిన్నెలోని అన్నం తింటారు. కానీ మా ఇంటికి వస్తే వాకిట్లోనే ఆగిపోతారు. రావద్దని ఎవరూ అనరు. అనాల్సిన అవసరం కూడా లేకుండా అది నడిచిపోతుంటుంది. మా పిల్ల అవ్వతో వాదించలేదు. "ఈడే కరెంటు బోర్డుండాది అవ్వా, వైరు లాగే పని ల్యా" అని మాత్రం చెప్పింది.

తాను కుప్పం పోతూ, తెరిచేది మూసేది నాకు నేర్పి పోయింది. సాయంత్రమైతే పిల్లలు వచ్చేవాళ్ళు. ఊర్లో మోటార్లు ఆడితే వోల్టేజీ తగ్గి, తెర మీది బొమ్మ ముడుచుకుపోయేది. "ఏయ్, చిక్కిపోయిందిరా!" అని అరిచేవాళ్ళు. ఇళ్ళు గీసేవాళ్ళు, కుక్కలను గీసేవాళ్ళు, పేర్లు కొట్టుకునేవాళ్ళు. నోరు, చెయ్యి ఆట నేనూ ఆడించాను.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన వచ్చింది. జల్లు వసారాలోకి కొట్టింది. నేను ప్లగ్గు లాగేసరికి మా ఆయన పరిగెత్తుకొచ్చి టీవీలాంటి ఆ పెద్ద పెట్టెను ఎత్తుకుని లోపలికి పోయాడు. మిగిలినవి పిల్లలు తలా ఒకటి అందుకున్నారు. అందుకుని, గడప దగ్గరికి వచ్చి ఆగిపోయారు. కీబోర్డును రొమ్ముకు హత్తుకున్న చిన్నపిల్ల ఒకతి, వీపంతా తడుస్తున్నా, కాలు ముందుకు వెయ్యలేదు.

నడింట్లో మంచం మీద మా అత్త కూర్చుని చూస్తోంది. నేను నోరు తెరిచేలోపలే మా ఆయన వెనక్కి తిరిగాడు.

"యాల ఆడ్నే నిలబడినారు? రాండి లోపలికి."

పిల్లలు ఆయన వైపు చూడలేదు, అవ్వ వైపు చూశారు. మా అత్త కాళ్ళు మంచం మీదికి ముడుచుకుని, "కాళ్ళు తుడుసుకోని రాండి. సోద్యం సూస్తాండారు, తడిసిపోతాండాదే అది" అంది.

వాన వెలిసింది, నడుమ పోయిన కరెంటు వచ్చింది. కంప్యూటర్‌ను మళ్ళీ వసారాలోకి తెమ్మని ఎవరూ అనలేదు.

తర్వాతి నెల నా బిడ్డ వచ్చేసరికి నడింట్లో పిల్లలు గుమిగూడి ఉన్నారు. ఆమె గడపలో చెప్పులు విడిచి కాసేపు అలాగే నిలబడింది. పిల్లలు లేచి చోటివ్వబోతే, "మీరు కానీండి" అని పోయి అవ్వ మంచం మీద కూర్చుంది.