దివిసీమ బస్సులో తెలుగు నేర్చిన లాప్‌టాప్

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు నా చేతికి ఒక పాత లాప్‌టాప్ వచ్చింది. హైదరాబాదులో ఏదో ఆఫీసు వాళ్ళు వాడి వదిలేసినది. అప్పుడు నేను బందరులో, అదే మచిలీపట్నంలో, ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. అత్తవారిల్లు గుడివాడ. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. లాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచేసి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. అన్నీ బాగానే నడిచాయి కానీ తీగ లేకుండా ఇంటర్నెట్ అందుకునే వైర్‌లెస్ మాత్రం మొండికేసింది. దాన్ని దారికి తేవడానికి ఒక వేసవి సెలవులన్నీ ఖర్చయ్యాయి. చివరికి ఆ చిన్న పచ్చ దీపం వెలిగిన రోజు ఇంట్లో అందర్నీ పిలిచి చూపించాను.

"దీనికా ఇంత సంబరం?" అని మా ఆయన నవ్వారు.

నాకు మాత్రం ఆ పూట కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆ రోజుల్లో లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని కొంతమంది ఎక్కడెక్కడో కూర్చుని ఇష్టంకొద్దీ చేస్తుండేవారు. మెనూల్లో, హెచ్చరికల్లో కనిపించే ప్రతి ఇంగ్లీషు మాటకూ తెలుగు మాట రాయాలి. అందులో ఒక భాగం నేను తీసుకున్నాను. సగానికి పైగా చేశాక ఒక మెయిల్ వచ్చింది. సోమవారం సాయంత్రం లోపు మొత్తం అందకపోతే ఈ విడత విడుదలయ్యే లినక్స్‌లో తెలుగు ఉండదని దాని సారాంశం. సరిగ్గా ఆ ఆదివారమే దివిసీమలోని కోడూరులో మా చిన్నత్తయ్యగారి అమ్మాయి నిశ్చితార్థం. చిన్నత్తయ్యంటే మా అత్తగారి చెల్లెలు. వెళ్ళకపోతే బాగుండదు. మిగిలిన పని అక్కడ చేసుకోవచ్చులే అనుకుని లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని అత్తగారితో బయల్దేరాను. మా ఆయనకు సెలవు దొరకలేదు.

మేము దిగిన సాయంత్రమే గాలీ వానా మొదలయ్యాయి. కరెంటు పోయింది.

"ఎప్పుడొస్తుందండీ?" అని అడిగాను.

"స్తంభాలు పడ్డాయంట అమ్మాయ్. రేపో ఎల్లుండో," అన్నారు చిన్నత్తయ్య, అది పెద్ద విషయమే కానట్టు.

నిశ్చితార్థం జనరేటర్ పెట్టి కానిచ్చారు. అందరూ దానికి సెల్‌ఫోన్లు తగిలించుకున్నారు. లైట్లు ఒకసారి భగ్గుమని, ఒకసారి కునికిపాట్లు పడుతుంటే నా లాప్‌టాప్ దానికి తగిలించే ధైర్యం నాకు చాల్లేదు. ఆ పాత బ్యాటరీని నేను ఎంతో జాగ్రత్తగా చూసుకునేదాన్ని. పూర్తిగా అయిపోనిచ్చేదాన్ని కాదు, రోజంతా ప్లగ్గుకు వదిలేసేదాన్నీ కాదు, ఎండలో పెట్టేదాన్ని అసలే కాదు. అలా చూసుకోబట్టే అది ఇంకా పనిచేస్తోంది. సోమవారం పొద్దున తెరిచి చూస్తే సగం ఉంది. పనేమో ఇంకా చాలా ఉంది.

నా మొహం చూసి అత్తగారు పక్కకు పిలిచారు.

"ఏమైంది?"

సంగతి చెప్పాను. ఆవిడ పెద్దగా చదువుకున్న మనిషి కాదు కానీ వారపత్రికల్లో సీరియళ్ళన్నీ వదలకుండా చదివేవారు. నా సంచీ తెచ్చి చేతికిచ్చారు.

"ఇక్కడ కూర్చుంటే ఏమవుద్ది? బందర్లో ఏదో ఒక దారి దొరక్కపోదు. పద, భోజనాలకి ఆగొద్దు. చెల్లికి నేను చెప్తాను."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాను. వైర్‌లెస్ ఆపేశాను. అవసరం లేని ప్రోగ్రాములన్నీ మూసేశాను. తెర వెలుగు అట్టడుగుకు దించాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఆ మసక తెరమీద ఒక్క అక్షరం కనపడితే ఒట్టు. వెలుగు పెంచితే బ్యాటరీ బందరు దాకా రాదు.

అత్తగారు అది గమనించారు. పైట చెంగు విప్పి, చెయ్యి చాచి కిటికీకి అడ్డంగా పట్టుకున్నారు. తెరమీద అక్షరాలు తేలాయి.

"చెయ్యి నొప్పెడుతుంది అత్తయ్యా."

"నొప్పెడితే రెండో చెయ్యి లేదూ? నీ పని చూడు."

కాసేపటికి ఆవిడే తెరవైపు వంగి, ఏం రాస్తున్నావని అడిగారు. సేవ్ అనే మాట దగ్గర ఆగానని చెప్పాను.

"దాచు అని రాయి."

"అది ముందే వాడేశానండీ. కనపడకుండా చేసేదానికి కూడా దాచు అనే రాశాను."

"నిజమే. డబ్బాలో పెట్టి దాచినా, మీ మావగారికి కనపడకుండా దాచినా మనకి దాచటమే," అని నవ్వారు. "అయితే ఇది భద్రం అనేటట్టు ఏదన్నా రాయి."

భద్రపరచు అని రాశాను. తర్వాత యంత్రం పనిలో ఉన్నప్పుడు వచ్చే మాట. నేను అప్పటికే ఆగు అని రాసిపెట్టాను. అది చదివి ఆవిడ మొహం చిట్లించారు.

"మిషను మనిషిని ఆగు అనటమేంటి? దాని ముందు పెద్దవాళ్ళు కూర్చుంటే? కొంచెం ఆగండి అనలేదూ?"

ఆ ఒక్క మాటతో అప్పటిదాకా రాసినవన్నీ నాకు వేరుగా వినిపించాయి. వెనక్కి వెళ్ళి, మనిషితో మాట్లాడే వాక్యాలన్నిటినీ మర్యాదలోకి మార్చుకుంటూ వచ్చాను. ఆవిడ చెప్పినవన్నీ నేను తీసుకోలేదు. నేను రాసినవన్నీ ఆవిడ ఒప్పుకోలేదు. పులిగడ్డ వంతెన మీద ఇద్దరం ఒక మాట కోసం వాదించుకుంటుంటే ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. చల్లపల్లి దాటాక చివరి వాక్యం పూర్తయింది. వెంటనే లాప్‌టాప్ ఆపేశాను. మూత వేస్తే నిద్రపోయేది కానీ, మళ్ళీ లేవడం దాని ఇష్టం. ఆ రోజు దాన్ని నమ్మదలుచుకోలేదు.

బందరులోనూ గాలి తన పని చేసింది. బస్టాండు దగ్గరి నెట్ సెంటరు మూసి ఉంది. ఆ వీధిలోనే ఒక లాడ్జి, కింద హోటలు. వచ్చినవాళ్ళకు వైర్‌లెస్ ఉచితమని ఆ మధ్యే బోర్డు పెట్టారు. అక్కడా కరెంటు లేదు. గల్లాపెట్టె దగ్గర మాత్రం ఇన్వర్టర్ మీద ఒక లైటు, వైర్‌లెస్ పెట్టె మీది దీపం వెలుగుతున్నాయి. ప్లగ్గు పెట్టుకుంటానంటే, ఇన్వర్టర్ అంత బరువు లాగలేదన్నాడు మేనేజరు. రెండు కాఫీలు చెప్పి ఓ మూల కూర్చున్నాం.

లాప్‌టాప్ తెరిస్తే లాడ్జి పేరుతోనే ఒక వైర్‌లెస్ కనిపించింది. పాస్‌వర్డ్ అడగలేదు. వెంటనే కలిసింది. ఫైలు పంపబోతే తెరమీద పెద్ద హెచ్చరిక వచ్చింది. అవతల ఉన్న కంప్యూటరు ఎప్పుడూ పలికేది కాదని దాని అర్థం. అయినా పరవాలేదు అని ఒక్కమాట కొడితే ఫైలు వెళ్ళిపోతుంది. సాయంత్రం దగ్గర పడుతోంది, బ్యాటరీ అడుగుకు వచ్చింది. నా వేళ్ళు ఆ మీట మీదే ఉన్నాయి.

తీసేశాను. వైర్‌లెస్ తెంపేశాను.

"ఆపేశావేం?" అన్నారు అత్తగారు.

"అవతలున్నది మనకి తెలిసినవాళ్ళు కాదంటోందండీ. మధ్యలో ఎవరో ఉన్నట్టున్నారు."

"అయితే ఇవ్వకు. ఇంత కష్టపడి చేసింది ఊరూపేరూ లేనివాళ్ళ చేతిలో పెడతామా?"

లేచి మేనేజరును అడిగాను. అతను నా తెరమీదికి వంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

"అది మాది కాదమ్మా. మాదానికి పాస్‌వర్డ్ ఉంటుంది. చివర లాడ్జ్ అని ఉంటుంది చూడండి, అదే మాది. ఈ రెండోది ఎవరు పెట్టారో మాకూ తెలీదండీ."

జాబితాలో ఇంకా కిందికి వెళ్తే అది కనిపించింది. అతను చెప్పిన పాస్‌వర్డ్ కొట్టాను. ఈసారి హెచ్చరిక రాలేదు. ఫైలు మెల్లగా కదిలింది. అత్తగారు కాఫీ ముట్టుకోకుండా తెరమీద ఫైలు ఎంత వెళ్ళిందో చూపే గీతవైపే చూస్తూ కూర్చున్నారు. అది చివరికంటా చేరిన తర్వాత కూడా బ్యాటరీలో కాస్త మిగిలే ఉంది. ఆ పాత బ్యాటరీ మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

"అందిందంటా?"

"అందిందండీ."

"అయితే ఇంకో రెండు కాఫీలు చెప్పు. ఇవి చల్లారిపోయాయి."

ఆ విడతలో తెలుగు వచ్చింది. కొన్ని నెలలకు మా కాలేజీ ల్యాబులో అన్ని కంప్యూటర్లకూ నేనే స్వయంగా దాన్ని ఎక్కించాను. చూస్తానని అత్తగారు గుడివాడ నుంచి పట్టుచీర కట్టుకుని వచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని తెరమీద పైనుంచి కిందిదాకా పైకి చదివారు. మౌసు పట్టుకోవడం చూపిస్తే ముందు చెయ్యి వెనక్కి లాక్కున్నారు, తర్వాత వదల్లేదు. మా ప్రిన్సిపాల్‌గారు లోపలికి వచ్చి, ఇదంతా ఎవరు చేశారమ్మా అని నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోగా ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని జవాబిచ్చారు.

"మా కోడలూ నేనూ చేశామండీ."

ఆయన నావైపు చూశారు. అవునండీ అన్నాను.