డీజిలు ఇంజనుతో పామర్రుకు పురిటి ప్రయాణం

డెబ్బైలలో పెట్రోలు ధర మండిపోయినప్పుడు బెజవాడ టాక్సీలు ఒక్కొక్కటే పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించుకున్నాయి. మా బావ కూడా తన అంబాసిడర్‌కు ఆటోనగర్‌లో అదే పని చేయించాడు. సరిగ్గా ఆ వారమే అక్కను పురిటికి పామర్రులోని మా ఇంటికి తీసుకువెళ్ళాలి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు కనుక అందరికీ లోపల బెరుకే. తీసుకువెళ్ళడానికి వచ్చిన అమ్మా నేనూ ఆ బండి చప్పుడు విని గుమ్మంలోనే ఆగిపోయాం. పాత ఇంజను నడుస్తోందో లేదో చెవి పెట్టి వినాల్సి వచ్చేది. ఇదేమో తలుపు పిడులను కూడా వణికిస్తోందని అమ్మ సణిగింది. బస్సు టిక్కెట్టు రెండు రూపాయల లోపే గానీ, ఆ తొక్కిసలాటలోకి నిండు మనిషిని ఎక్కించలేం.

ఎండెక్కక ముందే బయలుదేరాం. ఇంజను మారితే కొత్త బండి కిందే లెక్కంటూ, ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. అమ్మ వాటిని చూడనట్టే ఊరుకుని, బానెట్టు మీద చెయ్యి వేసి, యేసయ్యకు ఇంజనును అప్పగిస్తూ పెద్ద ప్రార్థనే చేసింది. తీరా బెంజ్ సర్కిల్ దగ్గర బంకులో బావ అలవాటు కొద్దీ పెట్రోలు పంపు ముందే ఆపాడు.

"అల్లుడుగారూ, నేను ప్రార్థన చేసింది డీజిలు ఇంజనుకండీ," అంది అమ్మ. బావ నాలిక్కరుచుకుని బండి వెనక్కి తీశాడు.

కంకిపాడు దాటాం. బావ ప్రతి గుంతకూ బండిని దాదాపు ఆపేస్తున్నాడు. అక్క మాత్రం మాట్లాడటం మానేసింది. ఉయ్యూరు కూడా దాటాక మెల్లగా నోరు విప్పింది.

"ఏమండీ, కంకిపాడు నుంచీ బిడ్డ కదలట్లేదండీ."

బావ కాలువ పక్కన ఆపి ఇంజను కట్టేశాడు. అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. బావ స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు, వెనక్కి తిరిగే ధైర్యం లేక. కాసేపటికి అక్క కడుపు మీద చెయ్యి వేసుకుని తన్నాడంది, నవ్వుతూనే ఏడ్చింది. బావ ఇంజను స్టార్టు చేస్తే మళ్ళీ కదలిక లేదు. ఆపితే తన్నులు. ఇంకోసారి చూసినా అదే వరస.

"నిద్రపోతున్నాడే వీడు," అంది అమ్మ. బావ కళ్ళు తుడుచుకుని గేరు వేశాడు.

వీడు కాదు, అమ్మాయి పుట్టింది. ఏడుపు మొదలెడితే ఎవరి చేతుల్లోనూ ఊరుకునేది కాదు. ఆదివారం బావ వచ్చి వాకిట్లో బండి స్టార్టు చేస్తే చాలు, ఠక్కున ఆపేసేది. అమ్మ ఆ ఇంజనును మళ్ళీ ఒక్క మాట అనలేదు. మమ్మల్ని అంత హడలగొట్టిన ఆ వణుకే లోపలున్న పిల్లకు ఉయ్యాల అయిందని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇప్పుడా రోడ్డు వెడల్పయింది, గంటలో పామర్రు చేరతారు. చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళకు మాత్రం ఒక్క మాట: ఇల్లు రాగానే ఇంజను ఆపకండి. ముందు ఒకరు దిగి, పక్క పరవండి.