సంచి లేకుండా అంగడికి

మా బిడ్డ ఆరో తరగతి. బడిలో ఏ ప్రాజెక్టు ఇచ్చినా అట్టలు కోసేది, బొమ్మలు అతికించేది నేనే. అది పక్కన కూర్చుని గమ్ము సీసాకు మూత పెట్టేది. మెదక్‌లో నాలాంటి తండ్రులు చాలామందే ఉన్నారు. మేమంతా ఆరో తరగతి రెండోసారి చదువుతున్నాం.

ఈసారి సోషల్ మేడం గట్టి షరతు పెట్టింది. మన ఊరి అంగడికొచ్చే కూరగాయలు ఎక్కడివో పిల్లలే అడిగి తెలుసుకోవాలి, సోమవారం తరగతి ముందు నిలబడి చెప్పాలి. మా దానికి కొత్తవాళ్లను చూస్తే గొంతు పెగలదు. ఇంటికొచ్చిన చుట్టాలు "ఏం చదువుతున్నవ్ బిడ్డా" అని అడిగినా జవాబు నేనే చెప్తాను. అందుకే దానికంటే నాకే ఎక్కువ భయం పట్టుకుంది.

ఎట్లాగూ కూరగాయలు తేవాలి కదా అని ఆదివారం పొద్దున సంచి పట్టుకుని దాన్ని వెంటబెట్టుకు పోయాను. నేను బేరమాడుతుంటే అది నా వెనక నక్కి "ఇవి ఎక్కడియి?" అని సన్నగా అడిగేది. టమాటలామె పక్కనున్న కౌడిపల్లి అంది. బెండకాయలామె కూడా కౌడిపల్లే అంది. ఇంకో అవ్వ దగ్గర క్యారెట్ సైతం కౌడిపల్లిదే, తెల్లారగట్ల పీక్కొచ్చిందట! అవీ కౌడిపల్లివే అంటారని ఆలుగడ్డల దగ్గర నేనే సిగ్గుపడి అడగనివ్వలేదు.

ఇంటికొచ్చి ఫోన్ తీశాను. "గిదంతా ఒట్టిది బిడ్డా. నేను చూసి చెప్తా, రాసుకో. ఆలుగడ్డ ఆగ్రా, క్యారెట్ ఊటీ..."

అది పెన్ను కింద పెట్టేసింది. "నువ్వు చెప్పింది రాస్తే నేను అడిగినట్టు ఎట్లయితది డాడీ?" కళ్లనిండా నీళ్లు.

నాకు ఒళ్లు మండింది. "వాళ్లు అబద్ధం చెప్తే నన్నేం జెయ్యమంటవ్?" అని కసిరాను. వంటింట్లోంచి మా ఆవిడ, "జర దాన్నే ఆలోచించనియ్యుండ్రి," అంది. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ పూట తెలిసొచ్చింది. చాలాసేపటికి ఒక్క ప్రశ్న మాత్రం అడిగాను. "గట్లెందుకు చెప్పిండ్రంటవ్?"

అది కళ్లు తుడుచుకుంది. "మనం కొననీకి పోయినమని. సాయంత్రం సంచి లేకుండ పోదం."

గిరాకీ పలచబడ్డాక బండి మీద పోయాం. పొద్దున క్యారెట్ అమ్మిన అవ్వ గంపలు సర్దుకుంటోంది. నేను గొంతు సవరించుకున్నానో లేదో, మా బిడ్డ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"డాడీ, నువ్వు బండి కాడనే ఉండు."

ఉన్నాను. అక్కడికి మాటలు వినిపించవు. అది అవ్వ ముందు చాలాసేపు ఊరికే నిలబడింది. పోయి నేనే అడుగుదామని ఒక అడుగు వేసి ఆగాను. ఇంతలో అది గొంతుక్కూర్చుని కింద పడ్డ బీరకాయలు ఏరి గంపలో వేయసాగింది. అవ్వ ఏదో అంది, ఇది ఏదో అంది. కాసేపటికి ఇద్దరూ నా వైపు చూసి నవ్వుకున్నారు.

"బీరకాయలు, మెంతికూరనే అవ్వ వాళ్లవంట, శివ్వంపేట కాడ చేనుందంట," అంది తిరిగొచ్చి, ఊపిరి తిప్పుకోకుండా. "మిగిలినయన్నీ హైదరాబాద్ల కొనుక్కొస్తదంట."

"మరి పొద్దున కౌడిపల్లి అనె?"

"బయటి సరుకని చెప్తే మీ డాడీ సగం ధరకు అడుగుతడు బిడ్డా, అన్నది అవ్వ."

సగానికి అడుగుతాననడం అన్యాయం. ముప్పాతికకు అడుగుతాను.

సోమవారం అది బడి నుంచి గంతులేస్తూ వచ్చింది. నిజం ఎట్లా తెలుసుకున్నావని మేడం అడిగిందట. "డాడీని దూరంగ నిలబెట్టి అడిగిన," అని చెప్పిందట. తరగతంతా నవ్విందట. నేనూ నవ్వాను. నాకు బాగా సంతోషమైంది, కాస్త దిగులూ అయింది.

ఆ వారమే మా మేనత్త ఇంటికొచ్చి, దాన్ని దగ్గరికి తీసుకుని, "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అంది. అలవాటు కొద్దీ నేను నోరు తెరిచాను. అది నా వైపు చూసింది. నేను లేచి బయటికి పోయి బండి దగ్గర నిలబడ్డాను. లోపల్నుంచి దాని గొంతు వినిపిస్తూనే ఉంది.