పలకకు హారతి

అరవైల్లో నెల్లూరు కాలేజీలో చదివేటప్పుడు, అలల మీద నిలబడి జారుకుంటా పోయే చెక్క పలక ఒకటి సొంతంగా చేసినాను. కాళ్లు జారకుండా పైన కార్కు షీటును సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌తో అంటించి, అది ఆరకముందే ఆత్రంగా మైపాడు తీరానికి మోసుకుపోయినాను.

మా అక్క మొగుడు అడ్డం పడినాడు. "కొత్త పడవకైనా హారతి ఇవ్వందే నీళ్లలోకి దించరు!"

"సొల్యూషన్ తడి ఆరలేదు బావా, నిప్పంటుకుంటుంది" అని మొత్తుకుంటున్నా వినకుండా కార్కు మీదే కర్పూరం వెలిగించినాడు. మంట భగ్గుమంది. చుట్టూ చేరినోళ్లంతా చేతులు చాపి కళ్లకద్దుకున్నారు. నేను నీళ్లకు పరిగెత్తబోతే బావ నా చెయ్యి పట్టి లాగినాడు.

"హారతి ఆర్పకూడదురా!"

ఎదురుగా అంత సముద్రం పెట్టుకొని, నా పలక బూడిదైంది. ఇప్పటికీ హారతి పళ్లెం నా ముందుకొస్తే ఉఫ్‌మని ఊదెయ్యాలనిపిస్తుంది.