కారు షెడ్డులోంచి దారి

నాచారంలో మా ఇంటిని మామగారు బాగా ఎత్తు చేసి కట్టించారు. ఆ రోజుల్లో గట్టి వాన పడితే మా వీధి మొత్తం కాలువలా పారేదట. ఇంట్లోకి నీళ్లు రాకూడదని పునాది పైకి లేపి, ముందువైపు మెట్లు పెట్టించారు. పక్క గోడకు ఆనించి కారు షెడ్డు వేయించారు. కారు మెట్లెక్కలేదు కాబట్టి షెడ్డు నేల మాత్రం వీధితో సమానంగా ఉండేది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి కూరగాయల సంచులతో, బిడ్డను చంకన వేసుకుని, దిద్దడానికి బడి నుంచి తెచ్చిన పరీక్ష పేపర్ల కట్టలతో ఆ మెట్లెక్కుతూ దిగుతూనే ఉన్నాను. అవి ఉన్నాయన్న ధ్యాస కూడా ఉండేది కాదు. మా ఆయనకు కాలు తీసేశాకే అవి ఎంత ఎత్తో తెలిసింది.

ఆయన మౌలాలిలో రైల్వే పట్టాల పని చూసేవారు. ఎండైనా వానైనా లైను వెంబడి నడిచిన మనిషి. షుగరు వల్ల ఎడమ పాదానికి పుండు పడి, ఎంతకూ మానక, చివరికి మోకాలి కింద వరకు తీసేయాల్సి వచ్చింది. పెట్టుడు కాలు పెట్టి చూశారు కానీ కుడి మోకాలు కూడా అరిగిపోయి ఉండడంతో నిలబడలేకపోయారు. చక్రాల కుర్చీయే గతి అయింది.

కుర్చీ ఇంట్లో బాగానే తిరిగేది. గడప దాటితే మెట్లు. దవాఖానాకు పోవాలన్నా, ఆదివారం ఉప్పల్‌లో చర్చికి పోవాలన్నా పైన అద్దెకుండే ఆయన, ఎదురింటాయన కలిసి కుర్చీని చెరోవైపు పట్టుకుని దింపేవారు. ఇద్దరూ మంచివాళ్లు. పిలవగానే వచ్చేవారు. వాళ్లు ఎత్తుతున్నంతసేపూ మా ఆయన కళ్లు మూసుకునేవారు. ప్రార్థన చేసుకుంటున్నారేమో అనుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున మెట్లు తడిగా ఉన్నాయి. ఎదురింటాయన కాలు జారింది. కుర్చీ ఒక పక్కకు ఒరిగి, మా ఆయన పైనింటాయన భుజం మీద పడ్డారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వీధిలో పోయేవాళ్లు మాత్రం ఆగి చూశారు, ఇద్దరు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారు. ఆయన చొక్కా నలిగి పైకి లేచి పోయింది. నేను సర్దబోతే నా చెయ్యి తోసేశారు. ఆ రోజు చర్చిలో ఒక్క పాటకూ ఆయన గొంతు కలపలేదు. ఇంటికి వచ్చాక అన్నారు.

"ఇగ నన్నెవ్వరు లేపొద్దు. బస్తా లెక్క లేపుతున్నరు నన్ను. నేనేడికి పోను."

అన్నట్టే ఎక్కడికీ పోలేదు. వేసవి గడిచింది, వానలు గడిచాయి. పాస్టరుగారే ఇంటికి వచ్చి ప్రార్థన చేసి వెళ్లేవారు. తప్పనిసరిగా దవాఖానాకు పోవాల్సినప్పుడు ఒకటికి పదిసార్లు బతిమాలాలి. రోజంతా టీవీ నడుస్తూ ఉండేది, ఆయన గోడవైపు చూస్తూ ఉండేవారు. అన్నం తింటరా అంటే ఆఁ, టీ పెట్టాల్నా అంటే ఆఁ. అంతకు మించి మాట లేదు. నేను బడికి పోయి వచ్చేదాన్నే కానీ నా ప్రాణం ఆ గదిలోనే ఉండేది.

కారు అప్పటికే అమ్మేశాం. ఖాళీ షెడ్డు పాత కూలర్లతో, విరిగిన బీరువాతో, ఎవరికీ పనికిరాని సామానుతో నిండిపోయింది. ఒక సెలవు రోజు అదంతా పాత సామాను కొనేవాడికి వేసి, షెడ్డు కడిగి, ఊపిరి తీసుకుందామని వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. పక్కనే పైన మా భోజనాల గది కిటికీ కనిపించింది. ఆ కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది. లోపల మా బల్ల, బల్ల మీద నీళ్ల జగ్గు, అన్నీ చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో ఉన్నాయి. ఇక్కడ మెట్లు లేవు. ఆ కిటికీని తలుపు చేసి, షెడ్డులోంచి వాలుగా దారి కడితే ఎవరూ ఎత్తకుండానే కుర్చీ వీధిలోకి వస్తుంది కదా అనిపించింది.

వరంగల్‌లో ఉన్న మా బిడ్డకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచిగుంటది, చేపియ్యి అమ్మా," అంది. "నాన్నను అడగకు. అడిగితే వద్దంటడు. చెప్పు, అంతే."

చెప్పాను. "నీ ఇష్టం," అన్నారాయన, టీవీ వైపే చూస్తూ.

ఉప్పల్ నుంచి ఒక మేస్త్రీని మాట్లాడాను. పెద్ద గొంతు, చెవికి ఎప్పుడూ ఫోను. షెడ్డు ఒకసారి చూసి, "ఇదేం పని మేడం, చూస్తుండంగనే చేసి పడేస్త, జర ఫికర్ చెయ్యకున్రి," అన్నాడు. మర్నాడే ఇటుకలు దిగాయి. కిటికీ కింద నుంచి వాలు కట్టుకుంటూ షెడ్డు మధ్య వరకు తెచ్చాడు. ముందు సగం బండ్లు పెట్టుకోవడానికి ఖాళీగా ఉంటుందని చెప్పాడు. నాకూ బాగానే అనిపించింది. వంటింట్లోకి పోయి పప్పు పోపు వేస్తున్నాను.

"ఏయ్ మేస్త్రీ! ఆగు! ఏందది?"

చేతిలో గరిటె అలాగే పట్టుకుని పరుగెత్తాను. ఆ గొంతు విని ఎన్ని నెలలైందో. మా ఆయన భోజనాల గది కిటికీ దగ్గర ఉన్నారు. ఎప్పుడు అక్కడికి వచ్చారో, ఎంతసేపటి నుంచి చూస్తున్నారో నాకు తెలియదు.

"ర్యాంపు సార్," అన్నాడు మేస్త్రీ కింద నుంచి.

"ర్యాంపా అది? జారుడుబండ లెక్కుంది."

"స్కూటర్ ఎక్కుతది సార్ దాని మీద. కుర్చీ ఎందుకెక్కదు? ఎన్క నుంచి ఒకలు గట్టిగ తోస్తే..."

"ఎవ్వరు తొయ్యొద్దు!" ఆయన కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకున్నారు. "నేనే ఎక్కాలె. నా చేతులతోని నేనే ఎక్కాలె, నేనే దిగాలె. గట్లయితే కట్టు. లేకుంటే ఆ ఇటుకలు తీస్కొని పో."

మేస్త్రీ నా మొహం చూశాడు. నాకు ఏడుపు వచ్చేలా ఉంది, నవ్వూ వచ్చేలా ఉంది. వంటింట్లో పోపు మాడిన వాసన వస్తోంది.

ఆయన టేపు అడిగారు. మేస్త్రీ కింద కొలిచి చెప్తుంటే ఆయన పైన న్యూస్ పేపరు అంచు మీద గీతలు గీశారు. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడుగు ఉండాలని, అప్పుడే చేతులతో చక్రాలు తిప్పుకుని ఎక్కగలనని చెప్పారు. మధ్యలో ఆగినా కుర్చీ వెనక్కి జారిపోకూడదన్నారు. ఆ లెక్కన షెడ్డు మొత్తం వాలే చేసినా పొడుగు చాలదు.

"ఎన్క గోడ కొట్టున్రి," అన్నారు. "షెడ్డును కాంపౌండ్ గోడ దాక గుంజున్రి. తలుపు ఆ చివర్ల పెట్టాలె, అక్కడ వంటింటి పక్కన ఇంకో కిటికీ ఉంది కద, అది."

"అక్కడ నా బట్టలుతికే బండ ఉంది," అన్నాను.

"బండ జరుపుదాం. బండకేం కాళ్లు నొస్తయా?"

అలా మొదలైంది మా షెడ్డు పెంచడం. కట్టిన ఇటుకలన్నీ ఊడదీశారు. వెనక గోడ పడగొట్టి, షెడ్డును కాంపౌండ్ గోడ వరకు పొడిగించి, పాత రేకులు తీసి కొత్తవి వేసి, కింద ఆయన లెక్క ప్రకారం కొత్త వాలు కట్టారు. వాలు పై చివర ఇంటి నేలతో సమానంగా చిన్న బాత్రూం కూడా కట్టించాం, కుర్చీ లోపలికి పోయి తిరిగేలా. నేను బడి నుంచి వచ్చేసరికి ఆ రోజు ఏం జరిగిందో ఆయనే చెప్పేవారు. ఇసుక మంచిది కాదని పంపేశారట. మేస్త్రీకి ఫోన్ మీద ఉన్న ప్రేమ గోడ మీద లేదట. ఆయన ఫిర్యాదులు వింటూ టీ తాగడం నాకు ఎంతో బాగుండేది.

ఇక మిగిలింది తలుపు. వంటింటి పక్క కిటికీని కుర్చీ పట్టేంత వెడల్పు చేసి కింది వరకు కోయాలి. అది ఇంటి అసలు గోడ. దాని మీదే పై అంతస్తు ఉంది. మేస్త్రీ పాత కిటికీ పైనున్న సిమెంటు దిమ్మెను అలాగే ఉంచి ఒక పక్కన గోడ కొట్టడం మొదలుపెట్టాడు. ఆ దిమ్మె అతను కొడుతున్న గోడ మీదే ఆని ఉందని ఎవరమూ గమనించలేదు. అదొక శనివారం మధ్యాహ్నం. నేను ముందు గదిలో ఉన్నాను, ఆయన పడకగదిలో పడుకుని ఉన్నారు. ముందు టపటపమని నాలుగైదు ఇటుకలు పడ్డ చప్పుడు. తర్వాత ఏదో పెద్దది జారిన చప్పుడు. వంటింట్లోంచి దుమ్ము పొగలా వచ్చింది.

"గోడ జారుతుంది! బయటికి పోన్రి, బయటికి!" అని మేస్త్రీ అరిచాడు.

పనివాళ్లు షెడ్డులోంచి వీధిలోకి దూకారు. పైనింటామె మేడ మెట్ల మీద నుంచి పరుగున దిగడం వినిపించింది. నేను పడకగదిలోకి పోయి, ఆయన్ని ఎలా లేపి కుర్చీలో కూర్చోబెట్టానో ఇప్పటికీ నాకు తెలియదు. కుర్చీ తోసుకుంటూ వరండాలోకి వచ్చాను. ముందు మెట్లు. అక్కడే ఆగిపోయాం. పైనింటాయన ఆఫీసులో ఉన్నాడు, ఎదురింటాయన ఊళ్లో లేడు.

"నువ్వు దిగు," అన్నారాయన.

"దిగను."

"దిగవే. చెప్తున్న కద."

"నేను దిగ. మీరేం మాట్లాడకున్రి." కుర్చీ పిడులు వదల్లేదు. ఆయన తన చేతిని వెనక్కి తెచ్చి నా చేతి మీద వేశారు. ఇద్దరం వీధివైపు చూస్తూ ఉండిపోయాం. లోపల మేస్త్రీ పనివాళ్లను వెనక్కి పిలిచి గోడకు ఆసరా పెట్టడానికి కర్రలు అందుకోమని అరుస్తున్నాడు. కర్రలు నేలకు తగిలే చప్పుడు, సుత్తి దెబ్బలు. పై నుంచి ఏదైనా పడుతుందేమోనని నా మెడ దానంతట అదే లోపలికి ముడుచుకుపోయింది.

అప్పుడు చప్పుళ్లు ఆగాయి. మేస్త్రీ ముందు తలుపులోంచి వరండాలోకి వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా తెల్లగా దుమ్ము, కళ్లు మాత్రమే నల్లగా. చేతిలో ఫోను లేదు.

"నిలిచింది సార్," అన్నాడు. "కర్రలు పెట్టినం. పైన గోడ కదల్లే. నాదే తప్పు, ముందే పెట్టాలె కర్రలు."

"నీకు దెబ్బ గిట్ల తగిలిందా?" అని అడిగారు మా ఆయన. లేదన్నాడు. "అయితే మొకం కడుక్కో. ఈమె టీ పెడ్తది," అన్నారు. నేను వరండా గట్టు మీద కూర్చుండిపోయాను. టీ పైనింటామె పెట్టింది.

సాయంత్రం ఇంజనీరును పిలిపించి చూపించాం. పై అంతస్తుకు ఏ ఢోకా లేదని, జారింది కిటికీ పైనున్న కొంచెం గోడేనని ఆయన చెప్పాడు. ఆ మాట విన్నాకే నాకు ఆకలైంది. ఇనుప దూలం వేసి, దాని కింద వెడల్పైన తలుపు పెట్టారు.

దారి మీద వేసిన సిమెంటు ఆరిన రోజు ఆయనే మొదట దిగారు. చక్రాలను అరచేతులతో ఒత్తి పట్టుకుంటూ, మెల్లమెల్లగా. కింద తిప్పుకుని మళ్లీ పైకి బయల్దేరారు. మధ్యలో ఆగారు. మేస్త్రీ ఒక అడుగు ముందుకు వేసి, గుర్తుకొచ్చి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆయన ఊపిరి తీసుకుని, పట్టుకోవడానికి పక్కన వేయించిన పైపు అందుకుని, మళ్లీ తిప్పారు. పైకి వచ్చాక చెమట తుడుచుకుంటూ, "సరిపోయింది వాలు," అన్నారు.

వాన గురించి మాత్రం నాకు భయం ఉండేది. ఆ ఏడు మొదటి పెద్ద వానకు వీధి నీళ్లు షెడ్డు ముందుకు వచ్చాయి. వాలు మొదట్లో కాసేపు నిలబడి, మేస్త్రీ పెట్టిన తూములోంచి వెళ్లిపోయాయి. ఇల్లు పొడిగానే ఉంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి షెడ్డు తెరిచి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. ఆయన ఫోను బల్ల మీదే ఉంది. సంచి అక్కడే పడేసి వీధిలోకి వచ్చాను. ఇస్త్రీ బండి దగ్గరాయన చెయ్యి చూపించాడు.

"సార్ గటే, మెయిన్ రోడ్ దిక్కు పోయిండమ్మా. నేనొస్త అంటే వద్దన్నడు."

దాదాపు పరుగులాంటి నడకతో మూలమలుపు తిరిగాను. కటింగ్ షాపు ముందు, చెట్టు నీడలో ఆయన కుర్చీ ఉంది. షాపుకు మెట్టు ఉండడంతో మంగలాయనే బయటికి వచ్చినట్టున్నాడు. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టుకుని, తల వంచి, మా ఆయన జుట్టు కత్తిరించుకుంటున్నారు. వంచిన తలతోనే ఏదో వాదిస్తున్నారు. ఉప్పల్ స్టేడియంలో జరగబోయే క్రికెట్ మ్యాచ్ గురించి కాబోలు, మంగలాయన కత్తెర ఆపి మరీ నవ్వుతున్నాడు.

పిలవలేదు. కాసేపు చూసి వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చి, అన్నం పెట్టుకుని తిని, చాప వేసుకుని పడుకున్నాను. పగటిపూట నిద్రపోయి చాలా కాలమైంది. ఆయన ఎప్పుడు వచ్చారో కూడా నాకు తెలియలేదు.